నీడ కర్ర

మొన్న ఆవకాయ జాడీ కోసం అటక మీద వెతికిస్తుంటే జాడీతో పాటు ఓ కర్ర కూడా కిందకి దిగింది. నాలుగడుగుల సరుగుడు కర్ర, తెల్ల పెయింటు వేసి అంగుళం అంగుళానికీ నల్లగీత, అడుగడుక్కీ ఎర్రగీత, ఓ చివర కాలవ బురద ఎండిపోయి ఇంకా అలాగే అంటుకునుంది. మా ఆయన "ఇది పారేద్దామా" అన్నారు. వద్దండీ అని లాక్కుని ఒళ్ళో పెట్టుకుని అక్కడే మెట్ల మీద కూచుండిపోయాను, జాడీ సంగతే మర్చిపోయాను ఆ పూటకి.

దాన్ని మా పిల్లలు నీడ కర్ర అనేవాళ్ళు. మా ఇంట్లో నాలుగైదు వేసవులు ఆ కర్ర చెప్పినట్టే నడిచాయి.

నాకు లూపస్ అని 2014లో తెలిసింది. అంతకుముందు రెండేళ్ళు ఏం జబ్బో తెలియకుండా తిరిగాను. అప్పుడు హైదరాబాద్‌లో ఉండేవాళ్ళం, ఓ స్కూల్లో లెక్కలూ సైన్సూ చెప్పేదాన్ని. సాయంత్రానికి చిన్న జ్వరం, వేళ్ళ కణుపులు వాచిపోవడం, జుట్టు కుచ్చులు కుచ్చులుగా ఊడిపోవడం, గ్రౌండ్‌లో అసెంబ్లీకి నిలబడి వస్తే బుగ్గలు రెండూ మండిపోయి ఎర్రగా అయిపోవడం. ఒక పెద్ద డాక్టరుగారు ఏడాదిన్నర పాటు రక్తం తక్కువ, టెన్షన్ ఎక్కువ, చిన్నపిల్లల తల్లులందరికీ ఉండేదేనమ్మా అని ఐరన్ టాబ్లెట్లు రాసి పంపించేశారు. ఆయన నా మొహం మీద మచ్చ వైపు ఒక్కసారి సరిగ్గా చూసుంటే బావుండేది అని ఇప్పటికీ అనిపిస్తుంది. ఆ తర్వాత వేరే ఆవిడ చూసీ చూడగానే ఏఎన్ఏ అనే రక్తపరీక్ష రాశారు, అక్కణ్ణుంచి అన్నీ ఒకదాని వెనక ఒకటి తేలాయి. ఒంటిని కాపాడాల్సిన రక్షణ వ్యవస్థే ఒంటి మీదకి తిరగబడుతుందట, ఆడవాళ్ళకే ఎక్కువ వస్తుందట, పూర్తిగా పోయేది కాదు, అదుపులో పెట్టుకుంటూ బతకడమేనట. చివర్లో ఆవిడ ఇంకో మాట చెప్పారు. ఎండ మీకు పడదమ్మా, ఎండ తగిలితే జబ్బు లేస్తుంది, పది నుంచి నాలుగు దాకా అసలు బయటికి రావద్దు.

హైదరాబాద్‌లో ఉద్యోగం మానేసి, 2016లో మా ఆయన సొంతూరు వచ్చేశాం. అంబాజీపేటకి దగ్గర్లో, కాలవ గట్టు మీద ఇల్లు. ఇప్పుడు కోనసీమ జిల్లా గానీ అప్పటికింకా తూర్పుగోదావరే. పెరట్లో 96 తుఫానుకి కొబ్బరిచెట్లన్నీ పడిపోతే మళ్ళీ వేసిన చెట్లు, అవి అప్పటికి బాగా ఎదిగి ఇల్లంతా నీడ. ఆ నీడ చూసే నేను ఈ ఊరికి ఒప్పుకున్నాను, నిజం.

పిల్లల్ని ఇంట్లోనే చదివించాలని ముందు అనుకున్నది కాదు. పెద్దదానికి తొమ్మిదేళ్ళు, చిన్నాడికి ఆరు. ఇక్కడ స్కూలు బస్సు ఏడుంపావుకి వస్తుంది, పొద్దున లేవగానే నా వేళ్ళు గంటసేపు మడత పడవు, జడ వెయ్యలేను, కేరేజీ మూత బిగించలేను. ఓ నెల నానా అవస్థా పడ్డాక పెద్దదే అంది, అమ్మా నువ్వు టీచరువే కదా నువ్వే చెప్పు మాకు అని. వాళ్ళ నాన్న ఆలోచించారు, మా అత్తగారు భయపడ్డారు, నేనైతే రెండ్రాత్రులు నిద్రపోలేదు. 2009లో వచ్చిన విద్యాహక్కు చట్టం 6 నుంచి 14 ఏళ్ళ పిల్లలకి బడి హక్కు అంటుంది గానీ ఇంట్లో చదివించే తల్లిదండ్రుల గురించి స్పష్టంగా ఏమీ లేదు, 14 నిండాక కేంద్రం వాళ్ళ ఓపెన్ స్కూల్ ఎన్ఐఓఎస్‌లో పదో తరగతి పరీక్ష రాయించొచ్చు అని తెలిశాక ధైర్యం చేశాం. ఊళ్ళో మాత్రం చాన్నాళ్ళు అదే మాట, బడి మాన్పించేసి పిల్లల జీవితాలతో ఆడుకుంటున్నారు అని.

అందరి పిల్లలకీ ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా సెలవులు, మా పిల్లలకి బడే లేదు కాబట్టి సెలవులూ లేవు. కానీ మా ఇంట్లో అసలైన చదువు నడిచింది వేసవిలోనే.

ఎందుకంటే వేసవిలో మా రోజు తిరగబడిపోయేది. తెల్లారగట్ల నాలుగింటికి లేచేవాళ్ళం. మా అత్తగారు అప్పటికే పొయ్యి దగ్గర ఉండేవారు, నాకు వేడినీళ్ళ గిన్నె పెట్టేవారు, అందులో చేతులు రెండూ మణికట్టు దాకా ముంచి కూచుంటే చిన్నాడు ఎదురుగా కూచుని నా వేళ్ళు ఒక్కొక్కటీ పట్టుకుని మెల్లిగా వంచేవాడు, వంచుతూ ఎక్కాలు చెప్పేవాడు, ఒక వేలికి ఒక ఎక్కం. పదమూడో ఎక్కం ఎప్పుడూ నా ఎడమచేతి ఉంగరం వేలు దగ్గరే వచ్చేది, అది అన్నిటికన్నా ఎక్కువ వాచి ఉండేది, అక్కడ వాడు ఆగి, నొప్పా అమ్మా అని మొహంలోకి చూసి, మళ్ళీ పదమూడు నాలుగులు దగ్గర ఎత్తుకునేవాడు. వాడి వేళ్ళు అప్పుడు ఎంత సన్నగా ఉండేవో. ఇప్పుడు నాకన్నా పొడుగయ్యాడు, మొన్న ఆ గిన్నె చూపించి గుర్తుందా నాన్నా అంటే గుర్తులేదమ్మా అన్నాడు. పోనీలే, నాకు గుర్తుంది.

నాలుగున్నరకి కాలవ గట్టు మీదకి వెళ్ళేవాళ్ళం. ఏప్రిల్లో కాలవలు కట్టేస్తారు కదా, మే నెలకి కాలవ అడుగు బయటపడి పగుళ్ళిచ్చి, అక్కడక్కడా గుంటల్లో నీళ్ళు నిలబడి, ఆ గుంటల్లో కొంగలు. పిల్లలకి అదే భూగోళం. ఈ కాలవ ఎక్కణ్ణుంచి వస్తోంది, ధవళేశ్వరం దగ్గర ఆనకట్ట నుంచి, దాన్ని కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తి చేశారు, అంతకుముందు ఇక్కడ ఇంత గోదారి పారుతున్నా కరువులొచ్చి జనం చచ్చిపోయేవారు. గౌతమికీ వశిష్ఠకీ మధ్యలో ఉన్నాం మనం, మధ్య డెల్టా అంటే ఇదే. పుస్తకంలో ఉంటే రెండు లైన్లు, కాళ్ళ కింద ఉంటే ఒక వేసవంతా చెప్పుకోవచ్చు. ఓసారి తెల్లారకముందే గన్నవరం అక్విడక్టు దాకా వెళ్ళాం, కింద వైనతేయ పాయ, దాని నెత్తి మీంచి కాలవ. నది మీద ఇంకో నది వెళ్తోందేంటి నాన్నా అని చిన్నాడు వాళ్ళ నాన్న చెయ్యి పట్టుకుని అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగాడు. దానికి డొక్కా సీతమ్మగారి పేరు పెట్టారని, ఆవిడ లంకల గన్నవరంలో వచ్చినవాళ్ళందరికీ జీవితాంతం అన్నం పెట్టిన తల్లి అని చెప్తే పెద్దది అడిగింది, ఆవిడకి ఒంట్లో బాగోకపోతే ఎవరు పెట్టేవాళ్ళమ్మా అని. నా దగ్గర జవాబు లేకపోయింది.

కర్ర సంగతికి వస్తాను, అది ఎలా పుట్టిందో చెప్పాలంటే 2017 మే గురించి చెప్పాలి.

ఆ ఏడు నాకు ఒంట్లో బావుంది. మందు పడింది, జ్వరాలు తగ్గాయి, స్టెరాయిడ్ డోసు కూడా తగ్గించారు. పెద్దది ఏడాదిగా అడుగుతోంది ధవళేశ్వరం తీసుకెళ్ళమని, బ్యారేజీకి మొత్తం 175 గేట్లు, అందులో ధవళేశ్వరం వైపు 70, ఆ డెబ్భై తను లెక్కపెట్టాలి, కాటన్ మ్యూజియం చూడాలి. సరే అన్నాను. తెల్లారగట్ల కారులో బయల్దేరాం, ఎండెక్కేలోపు గేట్లు చూసేసి, మ్యూజియం లోపలే కాబట్టి అది నిదానంగా చూసి, అక్కడే ఎవరింట్లోనో సాయంత్రం దాకా ఉండి వచ్చేద్దామని ప్లాను. రావులపాలెం దాటకుండానే టైరు పంక్చరు, స్టెప్నీలో గాలి లేదు, షాపు తెరిచేదాకా కూచున్నాం. బ్యారేజీ దగ్గరికి చేరేసరికి పది దాటింది.

మా ఆయన వద్దన్నారు. నువ్వు కార్లో కూచో, నేను తిప్పి తీసుకొస్తాను అన్నారు. కానీ పెద్దది నా మొహంలోకి చూసింది, అది ఏమీ అడగలేదు, ఊరికే చూసింది అంతే. ఏడాదిగా అమ్మతో లెక్కపెట్టాలి అనుకున్న పిల్ల. చీర కొంగు తల మీద కప్పుకుని, పొడుగు చేతుల జాకెట్టు, గొడుగు, మొహానికి క్రీము, అన్నీ ఉన్నాయి కదా అర్ధగంటే కదా అని దిగాను. గొడుగు పైనుంచి వచ్చే ఎండని ఆపుతుంది గానీ కింద నీళ్ళ మీంచి, కాంక్రీటు మీంచి తిరిగొచ్చే వెలుగుని ఆపదని నాకు తెలుసు, సైన్సు చెప్పినదాన్ని, తెలిసీ నడిచాను. ఒకటి, రెండు, మూడు అని ఇద్దరం గట్టిగా లెక్కపెట్టుకుంటూ. అది ఎగురుతూ నడిచింది. నలభై ఒకటి దగ్గర నాకు కళ్ళు తిరిగాయి.

ఆ రాత్రి జ్వరం. రెండో రోజుకి మొహమంతా ఎర్రగా పొక్కి, మోకాళ్ళు, మణికట్లు, వేళ్ళు అన్నీ వాచిపోయాయి, మూడో రోజు కాకినాడ తీసుకెళ్ళారు, యానాం వంతెన మీద తెల్లవారుతుంటే కార్లో వెనక సీట్లో పడుకుని చీర మొహం మీద కప్పుకున్నాను, కిటికీలోంచి వచ్చే ఆ లేత ఎండక్కూడా భయమేసింది. స్టెరాయిడ్ మళ్ళీ పెంచారు. మూడు వారాలు మంచం మీద ఉన్నాను.

ఆ మూడు వారాలూ పెద్దది నాతో పెద్దగా మాట్లాడలేదు. పనులన్నీ చేసేది, మంచినీళ్ళు పెట్టేది, టైముకి మాత్రలు ఇచ్చేది, థర్మామీటరు చూసి నోట్‌బుక్‌లో రాసేది, మాట మాత్రం లేదు. ఓ మధ్యాహ్నం అది నిద్రపోతుంటే ఆ నోట్‌బుక్ తీసి చూశాను. ఎడమ పేజీలో తేదీలూ జ్వరం అంకెలూ, గళ్ళు గీసి గ్రాఫ్ కూడా వేసింది, ఎంత నీటుగా వేసిందో. కుడి పేజీలో పైన ఒక్క లైను. "41 దగ్గర ఆపాల్సింది కాదు, 1 దగ్గరే ఆపాల్సింది." పదేళ్ళ పిల్ల.

దాన్ని లేపి పక్కన పడుకోబెట్టుకుని చాలాసేపు చెప్పాను, నీ తప్పు కాదమ్మా, నేను పెద్దదాన్ని, నాకు తెలుసు, నేనే దిగాను అని. అది విన్నది గానీ ఒప్పుకోలేదు. చివరికి, అయితే ఎండ ఎప్పుడు మంచిదో ఎప్పుడు చెడ్డదో గడియారం చూడకుండా ఎలా తెలుస్తుంది అని అడిగింది. దానికి ఒక చిన్న సూత్రం ఉంది. ఎండలో నిలబడితే మన నీడ మనకన్నా పొట్టిగా ఉందంటే సూర్యుడు ఆకాశంలో సగానికి పైనున్నట్టు, అప్పుడే ఆ కిరణాల దెబ్బ ఎక్కువ. నీడ మనకన్నా పొడుగ్గా ఉంటే కొంచెం నయం. అది చెప్పానంతే, మర్నాడు వాళ్ళ నాన్నని పట్టుకుని సరుగుడు కర్ర తెప్పించింది, తమ్ముడితో పెయింటు వేయించింది, పెరట్లో కొబ్బరిచెట్ల నీడ పడని చోటు చూసి పాతింది.

అక్కణ్ణుంచి ఇద్దరూ అర్ధగంటకోసారి నీడ కొలవడం. సూర్యుడు అయిదున్నర దాటాక వస్తాడు, ఎనిమిదిన్నర దాటి కొంచెం సేపయ్యేసరికి నీడ కర్రంత అయిపోయేది, ఆ తర్వాత పొట్టి. మళ్ళీ సాయంత్రం మూడు మూడుంపావు మధ్యలో కర్రంత అయ్యేది. అమ్మా డాక్టరుగారు పది అన్నారు, మన కర్ర ఎనిమిదిన్నర అంటోంది, మన కర్ర మాటే విందాం అని తీర్మానం చేసింది. ఎనిమిదింటికల్లా నేను లోపల ఉండాలి, సాయంత్రం అయిదు దాకా గడప దాటకూడదు. పోస్టుమాన్ వచ్చినా, కూరలమ్మి వచ్చినా, కొబ్బరి దింపులోళ్ళు వచ్చినా పిల్లలే బయటికి పరిగెత్తేవాళ్ళు. ఇంట్లో ఎవరైనా నన్ను పెరట్లోకి పిలిస్తే చిన్నాడు అరిచేవాడు, నీడ పొట్టిగా ఉంది అమ్మ రాదు అని.

మరుసటేడు మే మొదటి వారంలో ఓ రోజు మధ్యాహ్నం పన్నెండవుతుంటే ఇద్దరూ ఒకటే కేకలు. నేను కిటికీ రెక్క ఓరగా తీసి చూశాను. కర్రకి నీడ లేదు. అసలు లేదు, మొదట్లో చిన్న నల్లచుక్క తప్ప. మన ఊరి మీద సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వచ్చే రోజు అది, ఏడాదిలో రెండుసార్లే వస్తుంది, మేలో ఒకసారి, ఆగస్టులో ఒకసారి. మన దేశం టైము లెక్కగట్టే 82న్నర డిగ్రీల రేఖ కాకినాడ పక్కనుంచే పోతుంది కాబట్టి మన ప్రాంతంలో గడియారం పన్నెండూ సూర్యుడి పన్నెండూ ఇంచుమించు కలిసే ఉంటాయి. నేను చీకటి గదిలోంచి చెప్తుంటే వాళ్ళు ఎండలో నిలబడి వింటున్నారు. చిన్నాడు కర్ర చుట్టూ తిరిగి తిరిగి, నీడ ఎక్కడికి పోయిందమ్మా అంటే పెద్దది అంది, అమ్మ దగ్గరికి పోయిందిరా అని. ఆ మాట నా మనసులోంచి ఇప్పటికీ పోలేదు.

పగలంతా చీకటి గది. కిటికీలకి వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళం, ఆ వాసన. కరెంటు పోతే తాటాకు విసనకర్రలు. నేను పడుకుని చెప్పేదాన్ని, రాయడం నా వల్లయ్యేది కాదు కాబట్టి వాళ్ళే రాసేవాళ్ళు, అందువల్ల ఇద్దరికీ చెప్పింది చెప్పినట్టు రాసే అలవాటు వచ్చింది. సెలవులకి మా ఆడపడుచు పిల్లలు ముగ్గురూ వచ్చేవాళ్ళు, వాళ్ళతో పాటు ఊళ్ళో పిల్లలూ, మధ్యాహ్నమయ్యేసరికి ఆ చల్లటి గదిలో పదిమంది. ముంజలు ఒలుచుకుంటూ, పనసతొనలు తింటూ, కథలు. నాకు నీరసంగా ఉండి మధ్యలో నిద్రపోతే కథ అక్కడితో ఆగిపోయేది, లేచేసరికి వాళ్ళే దాన్ని ఎక్కడెక్కడికో తీసుకుపోయేవారు.

ఆవకాయ రోజు మాత్రం ఇల్లంతా వేరేగా ఉండేది. కాయలు అంబాజీపేటలో కొని అక్కడే టెంకతో సహా ముక్కలు కొట్టించి మా ఆయన తెచ్చేవారు. జీడి తియ్యడం, లోపలి పొర గీకడం, పొడిగుడ్డతో ఒక్కో ముక్కా తుడవడం పిల్లల పని. నా వేళ్ళకి కారం, ఆవ తగిలితే మంట, అక్కడ చర్మం పల్చబడి పగిలి ఉండేది. మా అత్తగారు "అమ్మాయ్, నువ్వు చెయ్యి పెట్టకు, కూచుని లెక్క చూడు చాలు" అనేవారు. నాలుగు కొలతల ముక్కలకి కారం ఒకటి, ఆవపిండి ఒకటి, ఉప్పు ముప్పావు, ఆవిడ లెక్క అది. కొలత అంటే ఆవిడకి గ్లాసు కాదు, తవ్వ. అప్పుడు తీశాం పాత కొలతలన్నీ అటక మీంచి. రెండు గిద్దలు అరసోల, రెండు అరసోలలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. అన్నీ రెండు రెండుగానే పెరుగుతున్నాయని చిన్నాడు కనిపెట్టాడు, మరి కుంచానికి ఎన్ని గిద్దలు అంటే వేళ్ళ మీద రెట్టింపు చేసుకుంటూ పోయి అరవై నాలుగు అన్నాడు. మా అత్తగారు చదువుకోలేదు, ఆవిడ మనవడి వైపు చూసి, అవున్రా నాయనా అరవై నాలుగే, మా నాన్న నాకు ధాన్యం కళ్ళంలో నేర్పాడు ఇది అన్నారు. ఆ రోజు నుంచి మనవల చదువు గురించి ఆవిడ ఎవరి ముందూ భయపడలేదు, ఊళ్ళో ఎవరన్నా అంటే ఆవిడే జవాబు చెప్పేవారు.

మూడో రోజు జాడీలోంచి తీసి తిరగకలిపి, నూనె పైకి తేలాక, వేడన్నంలో మొదటి ముద్ద కలిపి నా నోట్లో పెట్టేది కూడా ఆవిడే. పిల్లలకి కాదు, ముందు నాకు. ఇప్పుడావిడ లేరు.

పెళ్ళిళ్ళ సంగతి ఎక్కువ చెప్పబుద్ధి కాదు. వైశాఖ మాసం నిండా ముహూర్తాలు, షామియానా కింద పట్టపగలు విందులు, నేను వెళ్ళలేను. ఎండ పడదంట, మహారాణి అని ఒక దగ్గరి బంధువు పదిమందిలో అన్నారట. స్టెరాయిడ్ వల్ల మొహం గుండ్రంగా ఉబ్బి ఉండేది కదా, చూసేవాళ్ళకి బాగా తిని దిట్టంగా ఉన్నట్టు కనపడేదాన్ని, అందుకని ఇంకా నమ్మేవాళ్ళు కాదు. మా ఆయన ఆ పంక్తిలోంచి తినకుండా లేచి వచ్చేశారు. ఇంటికొచ్చి నాకేం చెప్పలేదు, పెరుగన్నం పెట్టమన్నారు. ఆర్నెల్ల తర్వాత వేరేవాళ్ళు చెప్తే తెలిసింది నాకు.

రాత్రుళ్ళు మాత్రం నావే. డాబా మీద నీళ్ళు చల్లి, నవారు మంచాలు వేసి, దోమతెరలు కట్టి అందరం పైనే. పగలు నేను చూడలేని ఆకాశం మొత్తం రాత్రి చూసేదాన్ని. మే నెలలో సప్తర్షులు బాగా ఎత్తున ఉంటారు, ఆ తోక వంపు పట్టుకుని వెళ్తే స్వాతి, ఇంకా కిందకి వెళ్తే చిత్త. వశిష్ఠుడి పక్కన అరుంధతి కనపడుతోందా అని పిల్లల కళ్ళకి పరీక్ష. పైనా వశిష్ఠుడే, మన పడమట పారేదీ వశిష్ఠే అని ఇద్దరికీ మహా సంబరం. నేను లూపస్‌కి వేసుకునే మందు హైడ్రాక్సీక్లోరోక్విన్, అది వాడేవాళ్ళకి ఏడాదికోసారి కంటి రెటీనా పరీక్ష చెయ్యాలి కదా, ఆ పరీక్షకి వెళ్ళొచ్చిన రాత్రల్లా పెద్దది నన్నే అడిగేది, అమ్మా నీకు అరుంధతి కనపడుతోందా అని. కనపడుతోందమ్మా అంటే అప్పుడు పడుకునేది.

చైత్ర పున్నమికి చంద్రుడు చిత్త దగ్గర, వైశాఖ పున్నమికి విశాఖ దగ్గర, జ్యేష్ఠ పున్నమికి జ్యేష్ఠ దగ్గర, నెలల పేర్లు అలా వచ్చాయని డాబా మీదే చెప్పాను, వేసవికి మూడు పున్నములు, మూడూ కాపలా కాసి చూసేవాళ్ళు. 2018లో జ్యేష్ఠం రెండుసార్లు వచ్చింది, అధిక మాసం. ఎందుకు రెండుసార్లు అని పట్టుకుంది పెద్దది. చంద్రుడి ఏడాది 354 రోజులు, సూర్యుడి ఏడాది 365, ఏటా పదకొండు రోజులు వెనకబడుతుంటే మూడేళ్ళు తిరక్కుండానే ఒక నెల బాకీ పడుతుంది, ఆ బాకీ తీర్చడమే అధిక మాసం. అది విని చాలాసేపు వెల్లకిలా పడుకుని, మరి నువ్వు పడుకుండిపోయిన మూడు వారాలు కూడా అలా ఎప్పుడో కలుపుతారా అమ్మా అంది. నేను దోమతెర సర్దుతున్నట్టు అటు తిరిగిపోయాను.

అన్నట్టు ఆ మిగిలిన ఇరవై తొమ్మిది గేట్లూ 2018 జనవరిలో లెక్కపెట్టేశాం. పొగమంచులో, పొద్దున ఆరున్నరకి, నలభై రెండు నుంచి మొదలుపెట్టి.

2020 వేసవి అందరికీ గుర్తున్నదే. ఊళ్ళో పిల్లలందరూ హఠాత్తుగా మా పిల్లల్లాగే ఇంట్లో చదువుకోవడం మొదలైంది, ఇంట్లో చదువా అని ముక్కు విరిచినవాళ్ళే ఫోన్ చేసి పిల్లల్ని ఎలా కూచోబెట్టాలి వదినా అని అడిగారు. చేతనైనంత చెప్పాను. కానీ నాకు ఆ వేసవి మాత్రల వేసవి. కరోనాకి హైడ్రాక్సీక్లోరోక్విన్ పనిచేస్తుందని ప్రచారం వచ్చేసరికి జబ్బు లేనివాళ్ళు కూడా కొని దాచుకున్నారు, షాపుల్లో మందు మాయమైంది. మార్చి 26న డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాలని కేంద్రం ఆర్డరు ఇచ్చింది, చీటీ నా దగ్గర ఉంది, మందే లేదు. మా ఆయన బండి మీద చీటీ పట్టుకుని అంబాజీపేట, అమలాపురం, కొత్తపేట అన్నీ తిరిగారు, చెక్‌పోస్టు చెక్‌పోస్టుకీ ఆగి నా రిపోర్టులు చూపించి. డాక్టరుగారు ఫోన్లో ధైర్యం చెప్పారు, ఈ మందు ఒంట్లో చాలా రోజులు నిలవుంటుంది, కంగారు పడకుండా రోజు విడిచి రోజు వేసుకోండి, ఎండ మాత్రం అసలు తగలనివ్వకండి అని. పిల్లలిద్దరూ ఉన్న మాత్రల్ని తెల్లకాగితం మీద వరసగా పేర్చి లెక్కపెట్టారు. పదిహేడు. క్యాలెండరు మీద రోజు విడిచి రోజు పెన్సిల్ చుక్కలు పెట్టుకుంటూ వెళ్తే మే మొదటివారం దాకా వచ్చాయి. చివరికి మా ఊరి మెడికల్ షాపు అబ్బాయి తెల్లారగట్ల వచ్చి తలుపు కొట్టి రెండు స్ట్రిప్పులు చేతిలో పెట్టాడు, అక్కా మీ కోసమే పక్కన పెట్టానండి, పగలైతే అందరూ అడుగుతారని ఇప్పుడొచ్చాను అని. మీరు ఎలాగూ లేచే ఉంటారు కదా అన్నాడు. ఆ అబ్బాయికి నేను ఎన్ని జన్మలకీ రుణపడి ఉంటాను.

ఇంక కాలవ. నీడ కొలవడం అయిపోయాక మే చివర్లో, రోహిణి కార్తెలో, పిల్లలు ఆ కర్రని పీకి తీసుకెళ్ళి ఎండిన కాలవ అడుగున పాతేవాళ్ళు. జూన్ మొదట్లో బ్యారేజీ దగ్గర నీళ్ళు వదులుతారు కదా, అవి మన ఊరికి ఎప్పుడొచ్చాయి, గంటకి ఎన్ని అంగుళాలు పెరిగాయి అని రాయడానికి. 2019లో కాలవ నీళ్ళు చూసుకునే లస్కరు తాత ముందురోజు సాయంత్రం వచ్చి చెప్పాడు, "ఆయ్, లాకులెత్తేహేరండి, తెల్లారగట్లకి ఒచ్చేత్తాయండి మనకి" అని. ఆ రాత్రి ఎవరూ సరిగ్గా పడుకోలేదు. మూడున్నరకే టార్చిలైటు పట్టుకుని గట్టు మీద కూచున్నాం, మా అత్తగారు కూడా వచ్చారు, మోకాళ్ళ నొప్పులతో. ముందు చప్పుడేం లేదు. వాసన వచ్చింది, తడి మట్టి వాసన. తర్వాత టార్చి వెలుగులో చూస్తే ఎండుటాకులూ నురగా పుల్లలూ ముందు తోసుకుంటూ ఓ నాలుకలాగ మెల్లగా వస్తోంది నీరు, పగులు పగులులోకీ దిగి నిండి, మళ్ళీ ముందుకి. పగుళ్ళలోంచి బుడగలు. కర్ర మొదలు తడిసింది. పెద్దది టైము చూసి రాసుకుంది, నాలుగూ పది. అయిదయ్యేసరికి నాలుగు అంగుళాలు.

నేను చెప్పులు విప్పి గట్టు దిగి నీళ్ళల్లో నిలబడ్డాను. చల్లగా మడమల దాకా వచ్చాయి. వాచిన చీలమండలకి ఎంత హాయిగా ఉందంటే, పిల్లలు పిలుస్తున్నా కదల్లేదు, మా అత్తగారు పోనివ్వండర్రా నిలబడనీయండి అన్నారు. తూర్పున తెల్లబడింది, తర్వాత ఎర్రబడింది, కొబ్బరాకుల మధ్యలోంచి ఎండ కాలవ మీద పడింది. చిన్నాడు భుజం మీద తువ్వాలు తీసి నా తల మీద కప్పి, గెడ్డం కింద ముడి వేసి, కర్ర నీడ వైపు చూశాడు. నీళ్ళ మీద ఆ నీడ బారెడు పొడుగుంది. ఇంకా బోలెడు టైముందిలే అమ్మా, నిలబడు అన్నాడు.

పెద్దది ఇప్పుడు హాస్టల్లో ఉంటోంది. చిన్నాడు పదో తరగతి పరీక్షకి చదువుకుంటున్నాడు, ఎనిమిదింటికి నేను లోపలికి రాకపోతే ఇప్పటికీ వచ్చి చూస్తాడు. కర్ర దొరికిందని ఫొటో పెడితే పెద్దది వెంటనే ఫోన్ చేసింది. ఏం చేస్తున్నావు, మాత్ర వేసుకున్నావా, కంటి పరీక్ష ఎప్పుడు అని అన్నీ అడిగి, ఆఖర్న, అమ్మా నీళ్ళు వదిలారా అంది.

ఇంకా లేదమ్మా, కాలవలో గుర్రపుడెక్క తీస్తున్నారు, ఈ వారంలో వదులుతారట అన్నాను. అయితే తమ్ముణ్ణి కర్ర పాతమను, టైము రాసి నాకు పంపమను అంది.